రంగు డబ్బా

నా లోపలి గోడకి ఇప్పటికీ మీగడ రంగు చార ఒకటి అంటుకుని ఉంది. పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బాని. ఢిల్లీలో ద్వారకా మోడ్ దాటి నజఫ్‌గఢ్ వైపు వెళ్తే వచ్చే ఒక కాలనీలో, 2018 దీపావళికి రెండు గదులకు రంగు వేసి ఖాళీ అయ్యాను. ఖాళీ అయిన రంగు డబ్బాకి ఏ ఇంట్లోనైనా రెండే దారులు: స్నానాల గదిలో నీళ్ళు మోయడం, లేదా మేడ మీద మొక్కని మోయడం. నన్ను నీళ్ళకి పెట్టారు. ఆ రోజుల గురించి చెప్పడానికేమీ లేదు.

ఆ ఇల్లు భీమవరం వైపు నుంచి వచ్చి, వాయుసేనలో పనిచేసి, ఇక్కడే స్థలం కొనుక్కున్న తాతయ్యది. ఆయన పోయాక మామ్మ, కొడుకు, కోడలు, మనవడు మిగిలారు. మామ్మ ఢిల్లీ చలికి అలవాటు పడింది, ఆవనూనె వాసనకి అలవాటు పడింది. పెరట్లో కోడి లేకపోవడానికి మాత్రం అలవాటు పడలేదు. ఆవిడ గోల పడలేక 2019 మార్చిలో మనవడు బరేలీ పక్కన ఇజ్జత్‌నగర్‌లో ఉన్న కేంద్ర పక్షి పరిశోధన సంస్థ దాకా వెళ్ళి, అట్టపెట్టెలో కోడిపిల్లలు తెచ్చాడు. నిర్భీక్ రకం. పెరటి పెంపకం కోసం అసీల్ రక్తం కలిపి తయారుచేశారు. అవి కాస్త ఎదిగి మెడ నిక్కించడం చూసి మామ్మ మురిసిపోయింది. "ఒరే నాన్నా, ఇవి మన పందెం కోళ్ళ చుట్టాలేరా!"

పిల్లి ఎత్తుకుపోయినవి పోగా, పుంజులు కూరలోకి పోగా, ఐదు పెట్టలు మిగిలాయి. అప్పుడు నాకు ఉద్యోగం మారింది. మనవడు ఇనుప చువ్వ కాల్చి నా అడుగు అంచున చుట్టూ కన్నాలు పెట్టి, వెడల్పాటి పళ్ళెంలో కూర్చోబెట్టాడు. పైనుంచి దాణా పోస్తే కన్నాల్లోంచి పళ్ళెంలోకి జారాలి. తిన్నకొద్దీ మళ్ళీ నిండాలి. నిండింది. పొర్లింది కూడా. కన్నాలు పెద్దవైపోయాయి మరి. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. దుకాణానికి వెళ్తే బస్తా దొరికేది.

2020 మార్చి 25న దేశమంతా తలుపులు వేసుకుంది. దాణా దుకాణం షట్టరు కూడా దిగింది. ఇంట్లో ఉన్న బస్తా అడుగంటుతుంటే మనవడికి మొదటిసారి లెక్క గుర్తొచ్చింది. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు తినేది సుమారు 110 గ్రాములు. ఐదింటికీ 550. యాభై కిలోల బస్తా తొంభై రోజులు రావాలి. మాకు అరవై ఐదు రోజులకే గోనె అడుగు కనబడింది. అంటే రోజుకు 770 గ్రాములు నాలోంచి పోతోంది. ఆ 220 గ్రాములూ ఎవరు తింటున్నారని వాడు నా చుట్టూ తిరిగి చూశాడు. నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

తెల్లవారగానే ఐదు ముక్కులూ పళ్ళెంలో పడతాయి. దాణా పిండిలా ఉంటుంది. అందులో మొక్కజొన్న నలుసులు అక్కడక్కడా ఉంటాయి. వాటికోసం పెట్టలు ముక్కుతో పిండిని ఎడమకోసారి, కుడికోసారి విసిరేస్తాయి. ఎర్రమెడ పెట్ట ఒకతె ఏకంగా పళ్ళెంలోకి ఎక్కి రెండు కాళ్ళతో వెనక్కి తన్నేది. పక్కనే నీళ్ళ గిన్నె పెట్టడంతో తడి ముక్కులకి అంటుకున్న పిండి అంచున పేడలా గట్టిపడేది. మధ్యాహ్నం పావురాలు దిగేవి. ఢిల్లీలో పావురాలకి కొదవా! పెట్టలు గూటికెక్కి నిద్రపోయాక ఎలుక వచ్చేది. ఒక్క ఎలుక పాతిక గ్రాముల దాకా లాగించగలదు; అది ఒంటరిగా వచ్చిన రాత్రి నాకు గుర్తులేదు.

"ఈ కోళ్ళకి బుద్ధి లేదు మామ్మా" అన్నాడు మనవడు.

"నీకుందా? నేల మీద కంచం పెట్టి కోడిని కాలు కదపొద్దంటావేంట్రా?"

ఆ మాట నాకు నచ్చింది. ఊళ్ళో కోళ్ళ తాతలు అడవికోళ్ళు. రాలిన ఆకుల్ని కాళ్ళతో తిరగేసి, పురుగో గింజో ఏరుకుని బతికిన జాతి. వాటికి నా పళ్ళెం ఒక చిన్న అడవి, అంతే.

మనవడు పనిలోకి దిగాడు. ఇటుకలు పేర్చి పళ్ళెం అంచు పెట్టల వీపు ఎత్తుకి వచ్చేలా నన్ను నిలబెట్టాడు. ఇక ఎక్కి తన్నడానికి వీల్లేదు, మెడ చాచి తినాల్సిందే. కన్నాలు సగం మూసి, పళ్ళెంలో మూడో వంతు కంటే ఎక్కువ దాణా నిలవకుండా చేశాడు. నీళ్ళ గిన్నె అవతలి మూలకు పోయింది. చీకటి పడేవేళ నన్ను ఎత్తి వంటింటి వెనక మూత బిగించి పెట్టేవాడు. ఎలుకలు నాలుగైదు రాత్రులు వచ్చి, వాసన చూసి, వెళ్ళిపోయాయి. మే నెల ఎండలకి పెట్టలు నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతుంటే మధ్యాహ్నం పోయడం మానేసి, తెల్లవారుజామునా సాయంత్రమూ మాత్రమే పోశాడు. వంటింటి కాటా మీద నన్ను పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తూచి నోటు పుస్తకంలో రాసేవాడు. 770 కాస్తా 620 అయింది. అక్కడే ఆగిపోయింది. వారం తర్వాత వారం, 620.

ముక్కుతో విసరడం ఆగలేదు. పెట్టలకి పొద్దస్తమానం తోచుబాటు లేదు, ఆ సిమెంటు పెరట్లో గీకడానికి మట్టి లేదు.

మామ్మ ఎవరితోనూ చెప్పకుండా, పక్క వీధిలో గేదెలున్నవాళ్ళ దగ్గర భూసా తెప్పించింది. ఇక్కడి వాళ్ళు గోధుమ గడ్డి తుక్కుని అలా అంటారు. ఒక మూల దాన్ని జానెడు మందాన పరిచి, సాయంత్రం గుప్పెడు సజ్జలు అందులో చల్లి చేత్తో కలిపేసింది. "బా బా బా" అని పిలిచింది. ఐదు పెట్టలూ నన్ను వదిలేసి పరిగెత్తాయి. ఎర్రమెడదైతే గంటసేపు తల ఎత్తలేదు. ఊళ్ళో వాకిట్లో నూకలు చల్లితే ఒక్క గింజ మిగిలేది కాదని మామ్మ ఎప్పుడూ చెప్పేది. మనవడు దాన్ని పాతకాలపు గొప్ప అనుకునేవాడు. పది రోజుల్లో నా లెక్క 540కి దిగింది.

అన్నిట్లోనూ మామ్మదే పైచేయి అనుకోకండి. జులైలో గోనె అడుగున దాణా బూజు పట్టింది. ఎండలో ఆరబెట్టి పోద్దామంది మామ్మ. మనవడు వినలేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయని, వేరుశనగ చెక్కకి పట్టిన బూజులోని విషమే కారణమని, ఆరబెడితే బూజు పోయినట్టు కనబడినా విషం పోదని చెప్పాడు. మూడు కిలోలు ఇంటి బయట గొయ్యి తీసి పూడ్చాడు. మామ్మ రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. ఆ తర్వాత బస్తా గోడకి దూరంగా చెక్క పీట మీద చేరింది.

2021 జనవరి. మయూర్ విహార్‌లో కాకులు రాలి పడుతున్నాయని టీవీలో వచ్చింది. సంజయ్ లేక్‌లో బాతులు. 11వ తేదీన బర్డ్ ఫ్లూ అని తేలింది. వైరస్ దొరికిన ఎనిమిది నమూనాల్లో ఒకటి ద్వారకాది. మా పక్కనే! గాజీపూర్ కోళ్ళ మండీ మూసేశారు. ఆ రాత్రి మనవడు టార్చి పట్టుకుని నా కింద వంగి చూశాడు. అంతవరకూ కింద పడ్డ గింజంటే డబ్బు. ఇప్పుడు కాకికి పిలుపు. రెండు రోజుల్లో పెరడంతా వల కట్టాడు. భూసా మూల వల లోపలికి వచ్చింది. రోజూ పొద్దున్నే చీపురుతో నా చుట్టూ ఊడ్చి, పడ్డది చేటలో ఎత్తేవాడు. మా పెట్టలకి ఏమీ కాలేదు.

ఇప్పుడు నా అంచున సన్నని పగులు పడింది. మనవడు దానికి టేపు చుట్టాడు. నోటు పుస్తకంలో రోజూ నా తూకం ఒక్కటే రాస్తాడు: 540, 545, 540. మామ్మ గుప్పెడు ఎంతో వాడు ఎప్పుడూ తూచలేదు. సాయంత్రం ఆవిడ సజ్జల డబ్బా మూత తీసిన చప్పుడు వినగానే, కాటా తీసుకుని లోపలికి వెళ్ళిపోతాడు.