సానుకూలంగా స్పందించారట!

మన నేతల మొన్నటి ఢిల్లీ పర్యటన కూడా దిగ్విజయంగా ముగిసిందట. కేంద్రమంత్రులు మన వినతులపై ‘సానుకూలంగా స్పందించారు’. సంతోషం. ఒక్క రాష్ట్రం రెండయింది, కుర్చీల్లో మనుషులు మారారు, జెండాలు మారాయి. ఈ వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు. అచ్చక్షరాల కాలంలోనే పేర్చి దాచుకున్నారేమోనని నా అనుమానం.

ఆ ఫొటో చూడండి. వినతిపత్రం ఒక అంచు మనవాళ్ల చేతిలో, రెండో అంచు మంత్రిగారి చేతిలో. కాగితం వంక ఇద్దరిలో ఒక్కరూ చూడరు. కెమెరా వంక చూసి నవ్వుతారు. అంతకుముందే శాలువా కప్పడం అయిపోతుంది. మే నెల ఢిల్లీ ఎండయినా సరే, కప్పాల్సిందే. ఆ తర్వాత శ్రీవారి ప్రతిమ.

ఆరుగురు మంత్రులను కలిస్తే ఆరు శాలువాలు, ఆరుగురు వేంకటేశ్వరులు. ఏడాదికెన్ని పర్యటనలో మీరే లెక్కేసుకోండి. ఢిల్లీ బంగళాల్లో పోగుపడిన శ్రీనివాసులందరినీ ఒకచోట చేరిస్తే ఏడుకొండలు చాలవు. పాపం, కుబేరుడి దగ్గర చేసిన అప్పే ఆయనకింకా తీరలేదు. మన బకాయిల వసూలుకు కూడా ఆయన్నే పంపుతున్నాం!

ఇంతకీ ఆ వినతిపత్రం ఏమవుతుందో? శాలువానైతే ఎవరో ఒకరు కప్పుకుంటారు.

2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో సాక్షాత్తు ప్రధానమంత్రే లేచి ఆంధ్రకు అయిదేళ్ల ప్రత్యేక హోదా అన్నారు. అంతకన్నా సానుకూలం ఇంకేముంటుంది? విశాఖ రైల్వే జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో, దాని కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో. బయ్యారం ఉక్కు ఫ్యాక్టరీ హామీ ఏమైందో మహబూబాబాద్ వాళ్లనడగండి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ కాగితంలో అడుక్కుంటున్న డబ్బు మనదేనని గుర్తొస్తేనే ఒళ్లు మండుతుంది. పన్నుల్లో రాష్ట్రాల వాటా 41 శాతమని పదిహేనో ఆర్థిక సంఘం చెప్పింది. సెస్సులు, సర్‌చార్జీలు మాత్రం ఆ పంపకంలోకి రావు. ఇంకేం, పన్నుకు సెస్సని పేరు పెడితే పంచే బాధే లేదు! 2022 మేలో సుంకం తగ్గించాక కూడా లీటరు పెట్రోలు మీద కేంద్రానికి 19.90 రూపాయలు వెళ్లేవి. అందులో పంపకానికి పెట్టింది 1.40. దానిలో 41 శాతమంటే 57 పైసలు. అదీ 28 రాష్ట్రాలకు కలిపి! తమ్ముడితో ‘కాయలు నావి, మట్టలు నీవి’ అనే అన్నగారి పంపకమిది.

ఇది పచ్చి దబాయింపు. న్యాయంగా రావలసింది ఎగ్గొట్టి, విదిలించినదాన్ని వరమని చాటుకోవడం వాళ్ల వంతు. దాన్ని కళ్లకద్దుకుని ఫ్లెక్సీలకు పాలాభిషేకాలు చేయడం మనవాళ్ల వంతు. సిగ్గుండక్కర్లేదా? (పంచాయతీల సొమ్ముతో మన రాష్ట్రాలు ఆడే ఆటా ఇదే. ఏ సర్పంచిని కదిపినా చెబుతారు.)

త్వరలో మళ్లీ ప్రయాణమట. శాలువాలు సర్దేవారికి ఒక మనవి. ఈసారి ప్రతిమ బదులు పెట్రోలు బంకు రసీదుకు ఫ్రేము కట్టించి పట్టుకెళ్లండి. చెరో అంచూ పట్టుకుని నవ్వడానికి అదీ వీలుగానే ఉంటుంది.