ఒక్కడి ఆటలో దొంగాట

ఇంట్లో పచ్చీసు పరిస్తే నన్ను ఎవరూ పిలవరు. ఓడితే గవ్వలు బాగాలేవంటాను, గెలిస్తే నాలుగు రోజులు చెప్పుకుంటాను. అందుకే నిజామాబాద్‌లో పరువుగా బతకాలంటే ఒంటరిగా ఆడే ఆట ఒకటి చూసుకోక తప్పదనుకున్నాను.

కాగితం, పాచికలు పెట్టుకుని మనమే కథలో పాత్రలమయ్యే ఆటలున్నాయి. 1974లో అమెరికాలో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వాటికి పెద్దన్న. దానికి నలుగురు కూడాలి. నలుగురు కూడితే నా సంగతి ముందే చెప్పాను. ఒక్కడికి సరిపోయేది వెతకడానికి మూడు వారాలు పట్టింది.

'థౌజండ్ ఇయర్ ఓల్డ్ వాంపైర్'లో మనం వెయ్యేళ్లు బతికే రక్తపిశాచి. బుర్రలో ఐదు జ్ఞాపకాలే పడతాయి, కొత్తది చేరాలంటే పాతది కొట్టేయాలి. మా ఆవిడకు వివరించాను.

"గ్యాస్ బుక్ చెయ్యమని పొద్దుగాల చెప్పిన. ఆ ఆట నువ్వు పెండ్లయినప్పటి సంది ఆడుతనే ఉన్నవ్" అంది.

'ద రెచెడ్'కు పత్తాలు కావాలి. పత్తాలనగానే అమ్మ చీపురు వైపు చూసింది. మిగిలింది 'ఐరన్‌స్వోర్న్'. ఉచితంగా దొరుకుతుంది. ఆ ముక్క ముందే తెలిస్తే మూడు వారాలు మిగిలేవి.

అందులో వీరుడు ఇనుము ముట్టి ఒట్టు వేయాలి. ఆరు ముఖాల పాచిక వేసి, దానికి మన బలం కలిపి, పది ముఖాల పాచికలు రెండింటిని దాటాలి. రెండూ దాటితే గెలుపు, ఒకటే దాటితే సగం గెలుపు, ఏదీ దాటకపోతే ఆపద. గాంధీచౌక్‌లో పది ముఖాల పాచిక అడిగితే దుకాణదారు నా ముఖమే చూశాడు. చీటీలు రాసి పోపుల డబ్బాలో వేశాను. ఇనుముకు అట్లకాడ.

బోధనే ఏకచక్రపురమని, భీముడు బకాసురుణ్ణి చంపింది అక్కడేనని మా వైపు చెప్పుకుంటారు. కాబట్టి నేను భీముణ్ణి. మా అత్తగారిల్లు బోధన్ శక్కర్‌నగర్. మామ పనిచేసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడింది. ఆ గేటు ముందు మళ్లీ చెరుకు బండ్లు బారులు తీరేలా చేస్తానని అట్లకాడ ముట్టి ఒట్టేశాను.

పాచిక 2, బలం 3. చీటీలు 7, 9. అటూ ఇటూ చూసి మెల్లగా డబ్బాలో వేసేశాను.

"ఒక్కనివే ఆడుకుంట గూడ దొంగాటనా?" వెనక మా ఆవిడ. "గింతకు ఏం ఒట్టేసినవ్?"

చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత డబ్బా తీసుకుని గలగలా ఊపింది.

"గిది లెక్కల్లేదు. మల్ల తియ్యి."

8, 10.

"మల్ల."

పొయ్యి మీద పప్పు మాడింది. పదకొండోసారి చీటీలు ఆమే ఏరి, జీలకర్ర దులిపి నా చేతిలో పెట్టింది. 1, 2.

ఎట్లా ఏరిందో నేనడగలేదు.