పురుగుల శాస్త్రం చదివినవారికి తలకిందుల సలహాలు

ఎమ్మెస్సీలో కీటకశాస్త్రం తీసుకుని, రేపోమాపో ఏ పరిశోధన స్థానంలోనో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మందుల కంపెనీలోనో చేరబోతున్న పిల్లల కోసం ఈ మాటలు. సీనియర్లు మీకు చెప్పే వాటికి ఇవి చాలావరకు ఎదురు. తప్పుడు సలహాలిస్తున్నానని అనేవాళ్ళూ ఉంటారు. అయినా ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను. మన పత్తి, వరి, మిరప పొలాల్లో ఇన్నేళ్ళుగా జరిగినదే వీటికి సాక్ష్యం.

మొదటి ఏడాది మందుల పేర్లు బట్టీ పట్టకండి. రైతు ప్లాస్టిక్ కవర్లో నాలుగు ఆకులు వేసుకుని మీ గది గుమ్మంలో నిలబడతాడు. “సార్, దీనికి ఏం కొట్టమంటారు?” అంటాడు. అది ఏ పురుగని అడగడు, ఏం కొట్టాలనే అడుగుతాడు. మందు పేరు నోటి చివర ఉన్న కుర్ర శాస్త్రవేత్త వెంటనే చెప్పేస్తాడు. మీరు చెప్పకండి. పంటకు ఎన్ని రోజులైంది, ఎన్ని మొక్కలు చూశావు, ఇప్పటిదాకా ఏమేం కొట్టావు అని అడగండి. మూడో ప్రశ్నకు చాలాసార్లు జేబులోంచి షాపు చీటీ బయటికొస్తుంది. ఆకుల కన్నా ముందు దాన్ని చదవండి. అందులో రెండు వేర్వేరు పేర్లతో ఒకే రసాయనం ఉండవచ్చు, వద్దన్న కలయికా ఉండవచ్చు. అప్పటికీ తేలకపోతే “నాకు తెలియలేదు పెదనాన్నా, రేపు పొద్దున్నే మీ చేనుకొస్తా” అనండి. తెలియదన్నందుకు మర్యాద తగ్గుతుందని మనవాళ్ళకు భయం. చేనుకొచ్చి చూసిన మనిషిని ఏ ఊళ్ళోనూ చులకన చేయరు.

పురుగు కనిపించినా ఊరుకోవడం నేర్చుకోండి. ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే, కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పాలి. 1959లో కాలిఫోర్నియాలో స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగెన్ అనే నలుగురు కీటకశాస్త్రవేత్తలు కలిసి ఒక వ్యాసం రాశారు. పురుగు చేసే నష్టం మందు ఖర్చును మించే స్థాయికి చేరబోతున్నప్పుడే చేయి పెట్టాలన్నది అందులోని మూలసూత్రం. దాన్నే మనం నష్టపరిమితి స్థాయి అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుంటాం, ఉద్యోగంలో చేరాక మరచిపోతాం.

వరిలో సుడిదోమనే తీసుకోండి. అది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపులుగా ఉంటుంది. గట్టు మీద నిలబడి చూసేవాడికి కనిపించదు. మడిలోకి దిగి, దుబ్బును పక్కకు వంచి చేత్తో తట్టాలి. నీళ్ళ మీద పడినవాటిని లెక్కపెట్టాలి. పిలక దశలో దుబ్బుకు 10–15, కంకి దశలో 20–25 వరకు ఉంటేనే మందు గురించి ఆలోచించమని మన సిఫార్సు. ఆ దోమల మధ్యే ఆకుపచ్చని మిరిడ్ నల్లులు తిరుగుతుంటాయి, దోమ గుడ్లను పీల్చేస్తాయి. సాలీళ్ళు పిల్లదోమలను పట్టి తింటాయి. తొందరపడి సింథటిక్ పైరిత్రాయిడ్ కొట్టిస్తే ఈ కాపలాదారులు చస్తాయి. దోమ గుడ్లు మాత్రం కాండాన్ని చుట్టి ఉండే ఆకు అడుగుభాగం లోపల భద్రంగా ఉంటాయి. రోజులు గడిచాక అవి పగిలి పిల్లదోమలు బయటికి వచ్చేసరికి వాటిని తినేవి ఉండవు. మందు కొట్టిన మడే ముందుగా సుడులు సుడులుగా ఎండిపోతుంది. రైతు మందు చాల్లేదనుకుని మళ్ళీ కొడతాడు.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉన్న మాట కాదు. 1970లలో, 80లలో ఇండోనేషియా వరిపంటను సుడిదోమ పదేపదే ఊడ్చేసింది. మందులకు ప్రభుత్వం భారీగా సబ్సిడీ ఇస్తున్న రోజులవి. ఎక్కువ కొట్టిన చోటే దోమ ఎక్కువైందని పొలాల్లో తిరిగి చూసిన శాస్త్రవేత్తలు చెప్పారు. వారిలో పీటర్ కెన్మోర్ ఒకరు. 1986లో అధ్యక్షుడు సుహార్తో వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు, తర్వాత మందుల సబ్సిడీని కూడా ఎత్తేశారు. వరి దిగుబడి కుప్పకూలలేదు. రైతులు గుంపుగా మడిలోకి దిగి పురుగులను లెక్కపెట్టుకునే బడులు అక్కడే మొదలయ్యాయి. మన దగ్గర పొలంబడి అని పిలుచుకుంటున్నది వాటి వారసత్వమే. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1990లలో హియాంగ్, ఎస్కలాడా అనే శాస్త్రవేత్తలు ఇంకా చిన్న మాట పట్టుకున్నారు. మొదటి 40 రోజులు ఆకు తినే పురుగులకు మందు కొట్టకండి, మీ పొలంలో కొంత భాగంలో మీరే పరీక్షించి చూడండి అన్నారు. పిలక వేసే వయసులో వరి పోయిన ఆకును కొత్త ఆకుతో పూడ్చుకుంటుంది. రైతులు తమ కళ్ళతో చూసి మందు తగ్గించుకున్నారు. ఒక శాస్త్రవేత్త జీవితంలో ఇంతకన్నా పెద్ద పని ఏముంటుంది?

అలాగని మందు అసలే వద్దనేవాణ్ణి కాను. 2018లో కత్తెర పురుగు మన దేశంలో మొదట కర్ణాటక మొక్కజొన్నలో కనబడి, అదే ఏడాది తెలుగు జిల్లాలకూ చేరింది. అది సుడిలోకి చొరబడి పెద్దదయ్యాక ఏం కొట్టినా వృథా. చిన్నగా ఉన్నప్పుడే, సుడిలో పడేలా కొట్టాలి. ఎప్పుడు కొట్టకూడదో తెలిసినవాడే ఎప్పుడు కొట్టాలో కచ్చితంగా చెప్పగలడు.

మందు బాగా పనిచేసిందని తెలిసిన రోజు సంబరపడకండి, ఆ రోజునుంచే అనుమానించండి. పురుగులు మందుకు అలవాటు పడతాయా అని 1914లోనే మెలాండర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అడిగాడు. మనకు జవాబు కోస్తా పత్తిచేలలో దొరికింది. 1980ల మొదట్లో వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్లు శనగపచ్చ పురుగును చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేశాయి. 1987–88 వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు, తోడుగా తెల్లదోమ విజృంభించింది. అప్పు చేసి మందు కొన్న రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మళ్ళీ 1997–98లో వరంగల్ వైపు లద్దె పురుగుతో అదే కథ నడిచింది. మన శాస్త్రంలో ఈ ఏళ్ళను పరీక్షకోసం కాదు, బాధ్యతగా గుర్తుపెట్టుకోవాలి.

2002లో బీటీ పత్తి వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం చిన్న ప్యాకెట్లో ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ వేస్తే బీటీకి తట్టుకున్న పురుగులు మామూలు పురుగులతో కలిసి, ఆ గుణం పలచబడుతుందని లెక్క. ఎక్కువమంది రైతులు ఆ ప్యాకెట్ పారేశారు. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటితరం బీటీని తట్టుకున్నట్టు తేలింది. 2006లోనే వచ్చిన రెండు జన్యువుల బీటీ కూడా ఆ తర్వాత దాని ముందు నిలవలేదు. ఈ పాఠం చెప్పేటప్పుడు మన సభల్లో రైతునే తప్పుపడతారు. మీరు తప్పుపట్టకండి. చుట్టూ వేసిన వరుసల్లో పురుగు తినే కాయ ఆ ఒక్క రైతుది, దాని వల్ల కలిగే మేలు ఊరందరిదీ. ఒక్కడి చేత ఊరి బరువు మోయించే పథకం ఎక్కడా నిలవదు. ఆ సంగతి ముందుగా చూడవలసింది మనం.

అందుకే ఒక్కో రైతును కాదు, ఊరిని పట్టుకోండి. గులాబీ రంగు పురుగుకు పత్తే ప్రధానమైన తిండి. డిసెంబరు దాటాక చేను ఉంచకుండా, పత్తి కట్టె మిగల్చకుండా ఊరంతా ఒకేసారి తీసేస్తే దానికి తిండి తెగుతుంది. ఇద్దరు రైతులు ఇంకో తీత కోసం నీళ్ళు పెట్టి ఆగితే చాలు, మిగతా ఊరు చేసిన పనంతా పోతుంది. లింగాకర్షక బుట్టలో రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు తల్లి పురుగులు పడ్డాయా లేదా అన్నది గ్రామ సచివాలయం గోడమీద రాయించండి. మీ ప్రయోగశాలలో ఆ అంకె ఎవరికీ ఉపయోగపడదు.

మందుల షాపు యజమానితో స్నేహం చేయండి. శాస్త్రవేత్త ఆ గడప తొక్కితే లోకం వేలెత్తి చూపుతుంది. ఆ స్నేహంలో ఒక్క టీ కన్నా ఎక్కువ తీసుకోకపోతే చాలు. రైతుకు మొదటి సలహా ఇచ్చేది అతనే, పంట చేతికొచ్చేదాకా అరువు ఇచ్చేదీ అతనే. రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ ఇలాంటి డీలర్ల కోసమే 2003లో డిప్లొమా మొదలుపెట్టింది. ఆ తరగతులకు పాఠం చెప్పే అవకాశం వస్తే సాకులు చెప్పి తప్పించుకోకండి. మీ మాట విని అతను ఒక సీసా తక్కువ అమ్మితే అది మీరు పెట్టే పది ప్రదర్శన క్షేత్రాలతో సమానం.

పంపు మీ భుజానికే ఎత్తుకోండి. నీళ్ళతో నింపిన 16 లీటర్ల పంపుతో నిలువెత్తు పత్తిచేనులో మధ్యాహ్నం నడిస్తే, పైకి కొట్టిన తుంపర ఎవరి ముఖం మీద పడుతుందో తెలుస్తుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి రైతులు, కూలీలు చనిపోయారు. ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు అని సీసా మీద రాసి ఉంటుంది. మే ఎండలోనో సెప్టెంబరు ఉక్కలోనో ఆ తొడుగులతో ఎవరైనా నాలుగెకరాలు కొట్టగలరా అన్నది ఆ రాసినవాళ్ళు చూడలేదు.

రాత్రిపూట పొలానికి వెళ్ళడం గురించి ఒక్క మాట. లద్దె పురుగు ఎదిగాక పగలు మట్టి పగుళ్ళలో దాక్కుని రాత్రి మేస్తుంది. ఆఫీసు వేళల్లో చూసి దొరకలేదని రాసే నివేదికకు విలువ లేదు.

ఇక మిరప. 2021–22లో నల్ల తామర పురుగు గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా పూతను ఎండగట్టింది. రైతులు దొరికిన మందల్లా కొట్టి చివరికి తోటలే పీకేశారు. పువ్వు లోపల దాగి, మట్టిలో కోశస్థ దశ గడిపే పురుగు అది. ఏ ఒక్క మందూ దాన్ని తుడిచిపెట్టదు. ఇలాంటప్పుడు “దీనికి ఇప్పుడు మందు లేదు, డబ్బు పోగొట్టుకోకు” అని చెప్పే ధైర్యం కావాలి. నత్రజని తగ్గించమనండి, నీలి రంగు జిగురు అట్టలు పెట్టమనండి, మిత్ర పురుగులను చంపే మందులు ఆపమనండి. ఇవి వినడానికి చిన్న మాటలు. కానీ తప్పుడు ఆశ చూపి మరో మూడు సీసాలు కొనిపించడం కన్నా ఇవి నిజాయితీ గల మాటలు.

చివరగా, విశ్వవిద్యాలయాల పెద్దలకు ఒక విన్నపం. ప్రమోషన్ల దరఖాస్తులో ప్రచురించిన వ్యాసాలకు, పరీక్షించిన మందులకు గళ్ళు ఉన్నాయి. మీ సలహాతో ఏ ఊళ్ళో, ఏ పంటలో, ఎన్ని మందు కొట్టుడులు తగ్గాయి అనే గడి కూడా ఒకటి పెట్టండి. దాన్ని నింపగలిగిన వాళ్ళకే ముందు ప్రమోషన్ ఇవ్వండి.