కాగితం మీద కరిగిన టైరు

మా ఊరి పేరులోనే కాగితం ఉంది. ఒకప్పటి కొత్తపేట, నిజాం జమానాలో మిల్లు వచ్చాక కాగజ్‌నగర్ అయింది. 1942 నుంచి అడవిలోని వెదురు ఆ గేటులోంచి లోపలికి పోయి కాగితమై బయటికి వచ్చింది. 2014లో మిల్లు మూతపడితే ఊరికి ఊరే మూతపడినట్టయింది. 2018లో కొత్త యజమాని చేతిలో అదే మిల్లు మళ్ళీ తిరిగింది. ఒక వస్తువును ఇంకో వస్తువు చేయడం, ఆగిపోయినదాన్ని మళ్ళీ తిప్పడం మాకు చేతనైన విద్యే అన్న ధీమాతో, కారుకు కొత్త టైర్లు వేయించిన రోజున పాతవి నాలుగూ నేను ఇంటికి తెచ్చుకున్నాను.

షాపాయన మంచి మాటే చెప్పాడు. "ఇడిసిపెట్టుండ్రి సార్, ఒక్కదానికి నూరు రూపాలిస్త." నలభై వేల కిలోమీటర్లు నన్ను మోసిన టైరు వెల నూరు రూపాయలా అని నాకు రోషం వచ్చింది. డిక్కీలో రెండు, వెనక సీట్లో రెండు ఎక్కించుకుని వచ్చాను. మా ఆవిడ వాకిట్లోనే వాటిని ఎగాదిగా చూసింది. "గీ చుట్టాలు ఎన్నొద్దులుంటరు?"

ఆరు నెలలైంది. చుట్టాలు స్లాబు మీదికి ఎక్కాయి తప్ప ఇల్లు కదల్లేదు. ఈ ఆరు నెలల్లో నాకు తెలిసొచ్చిందేమంటే, పాత టైరుకు మన దగ్గర రిటైర్మెంటు లేదు. బదిలీలే. నా కంటి ముందు నుంచి పక్కవాడి కంటి ముందుకు, వాడి వాకిట్లోంచి మోరీలోకి, మోరీలోంచి వాగులోకి. ఎవరి పరిధి దాటితే వాళ్ళకు ఆ టైరు 'తొలగించబడినట్టే'.

బదిలీ అయిన ప్రతిచోటా దానికి హోదా ఉంటుంది. రేకుల కప్పు మీద అది గాలిదుమారానికి రేకులు లేవకుండా చూసే కాపలాదారు. షాపు ముందు సిమెంటు నింపి కర్ర పాతితే 'వాహనములు నిలుపరాదు' అని గద్దించే ట్రాఫిక్ అధికారి. పంక్చర్ షాపు దగ్గర చెట్టుకు వేలాడదీస్తే బోర్డుకు బోర్డు. చలికాలం మా జిల్లాలో దీనికి ప్రమోషన్ కూడా ఉంది. సిర్పూర్ (యూ) వైపు చలి ఒంటి అంకెలోకి దిగిందని పేపర్లో చదివిన రాత్రి, కట్టెలు పచ్చిగా ఉన్నాయని చలిమంటలో ఒక టైరు వేస్తారు. ఫాల్గుణంలో కాముని మంటలో ఇంకొకటి. శివుడు మూడో కన్నుతో కాల్చినప్పుడు ఇంత నల్లటి పొగ వచ్చి ఉంటే, కాముడి సంగతి పక్కనబెట్టి దేవతలందరూ దగ్గుతూ కైలాసం ఖాళీ చేసేవారు.

అన్నిటికన్నా పెద్ద హోదా రాస్తారోకో. ఈ నేల మీద ఏ ధర్నా అయినా టైరు కాలందే టీవీలో రాదు. నాయకుడు ఆలస్యంగా రావచ్చు, వినతిపత్రం ఇంట్లో మరిచిపోవచ్చు, టైరు మాత్రం సమయానికి రావాలి. పర్యావరణాన్ని కాపాడాలన్న ధర్నాలోనూ టైరు కాల్చగల ధైర్యం మనది.

ఆ పొగలో ఏముందో రసాయన శాస్త్రం ఎప్పుడో చెప్పింది: గంధకం ఆక్సైడ్లు, బెంజీన్, క్యాన్సర్ తెచ్చే హైడ్రోకార్బన్లు, మసి. బహిరంగంగా చెత్త కాలిస్తే మామూలుగా 5 వేలు, భారీగా కాలిస్తే 25 వేల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే తీర్పు చెప్పింది. తీర్పు కాగితం మీద ఉంది. పొగ గాలిలో ఉంది. ఈ రెండూ కలుసుకున్న దాఖలా నేను చూడలేదు. టైరు ఒకసారి అంటుకుంటే ఆరడం కూడా తేలిక కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో హేయోప్ అనే చోట 1989లో అంటుకున్న టైర్ల గుట్ట పదిహేనేళ్ళకు పైగా లోలోపల రాజుతూనే ఉంది. మన ధర్నాలు ఏవీ అంతకాలం నడవలేదు.

పాతకాలంలో ఇలా లేదు. నా చిన్నప్పుడు టైరుకు గౌరవప్రదమైన పెన్షన్ ఉండేది. అరిగిన టైరు చెప్పులు కుట్టేవాడి దగ్గరికి పోయి టైరు చెప్పులయ్యేది. అడవిలో ముల్లు దిగేది కాదు. ట్యూబు బావిలో నీళ్ళు చేదే బొక్కెనయ్యేది, ఈత నేర్చుకునే పిల్లల నడుముకు ఆసరా అయ్యేది. లారీ చక్రాలు ఎడ్లబండికి దిగి డన్‌లప్ బండి అయ్యేవి. ఏమీ కానిది పిల్లగాడి కర్ర దెబ్బకు గల్లీల్లో దొర్లేది. మరి ఇప్పుడేమైంది? మనుషులు సోమరులయ్యారని పెద్దలు అంటారు. అసలు కారణం తీగ. అప్పటి నైలాన్ టైరు కత్తికి తెగేది. ఇప్పటి కారు టైర్లు దాదాపు అన్నీ రేడియల్. రబ్బరు లోపల ఉక్కు తీగల వల. చెప్పులు కుట్టే కత్తి దాని మీద నిలవదు. ట్యూబ్‌లెస్ వచ్చాక ట్యూబు పీడా లేదు, బొక్కెనా లేదు. ఇక లారీ టైరును రీట్రెడింగ్‌కు పంపితే ఇంకో జన్మ ఎత్తుతుంది. కారు టైరుకు ఆ యోగమూ తక్కువే. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడిచేసి, ఎండకు కరగని, చలికి పగలని పదార్థం కనిపెట్టాడు. పాపం ఆయన అప్పులతోనే పోయాడు. ఆ రబ్బరు మాత్రం ఇప్పటికీ పోనంటోంది. కరిగించి మళ్ళీ పోసుకోవడానికి అది ప్లాస్టిక్ కాదు, మట్టిలో కలవడానికి కట్టె కాదు.

ఒకరోజు గల్లీలోకి చెత్త బండి వస్తే ఒక టైరు దొర్లించుకుంటూ వెళ్ళాను. బండి మీది పిల్లగాడు మర్యాదగా అడిగాడు. "సార్, గిది తడి చెత్తనా, పొడి చెత్తనా?" రబ్బరు కాబట్టి పొడి అన్నాను. అతను వంగి చూశాడు. లోపల నాలుగు రోజుల కిందటి వాన నీళ్ళు. మేమిద్దరం కాసేపు వేదాంతులమైపోయాం. బండి పాట పాడుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పుడు ఒక చదువుకున్న మిత్రుడు సలహా ఇచ్చాడు: "రంగు వెయ్యి." ఇదీ ఈ కాలపు మహామంత్రం. చాలా పట్టణాల్లో చూస్తున్నాం కదా: చౌరస్తాలో, పార్కులో, బడి ఆవరణలో పసుపు, నీలం, గులాబీ టైర్లు, మధ్యలో ఒక మొక్క, పక్కన 'వ్యర్థం నుంచి అద్భుతం' అన్న బోర్డు, ఆ బోర్డుతో ఫొటో. నల్ల టైరు చెత్త, పసుపు టైరు పర్యావరణం! స్వచ్ఛ ర్యాంకుల వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా రంగు ఉంటుంది. రెండో వానాకాలానికి రంగు పోతుంది, మొక్క పోతుంది, బోర్డు పోతుంది. టైరు ఉంటుంది. ఒక పార్కుకు యాభై టైర్లు పడతాయనుకుందాం. ఊళ్ళో కార్లు, ఆటోలు, జీపులు, ట్రాక్టర్లు ఏటా విడిచే టైర్లన్నిటికీ రంగులేస్తూ పోతే, నాలుగేళ్ళలో ఊరు పార్కులోకి మారాలి, జనం అడవిలోకి మారాలి.

రంగుల ఆశ మనకే పుట్టలేదు లెండి. అమెరికాలో ఫ్లోరిడా తీరాన 1970లలో దాదాపు 20 లక్షల టైర్లను కట్టలు కట్టి సముద్రంలో దింపారు. చేపలకు ఇళ్ళు అవుతాయన్నారు, పగడపు దిబ్బ పెరుగుతుందన్నారు. కట్లు తెగాయి. టైర్లు అలలకు దొర్లి, పక్కనున్న అసలు పగడాలను గుద్దాయి. తర్వాత సైనిక గజ ఈతగాళ్ళను దింపి పైకి తీయాల్సి వచ్చింది. చేపలు గృహప్రవేశం చేయలేదు.

టైరులో గృహప్రవేశం చేసేది ఒక్కటే ప్రాణి. నల్లగా, వెచ్చగా, నీడగా ఉండి, ఎటు తిప్పినా గరిటెడు నీళ్ళు మిగిలే ఇల్లు డెంగీ దోమకు ఏ ఇంజినీరూ ఇంతకన్నా బాగా కట్టివ్వలేడు. నీళ్ళు ఎండినా దాని గుడ్లు నెలల తరబడి లోపలి గోడకు అంటుకుని ఉంటాయి. మళ్ళీ వాన పడితే వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. మా కాగజ్‌నగర్ అడవులకు తాడోబా నుంచి పులులు వస్తాయి. వాటి అడుగులు కొలుస్తాం, కెమెరాలు పెడతాం, లెక్కపెడతాం. ఆసియా పులి దోమ అని ఇంకో పులి ఉంది. అది పాత టైర్లలో ఓడెక్కి సముద్రాలు దాటి, 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో తేలింది. ఈ పులికి కెమెరా లేదు, కారిడార్ కూడా అక్కర్లేదు. దానికి మన స్లాబులు చాలు. వానాకాలంలో శుక్రవారం శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నీళ్ళు పారబోయమంటారు. 2020 మే నెలలో అప్పటి మునిసిపల్ మంత్రి 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అన్నారు. పారబోస్తాం. టైరును మళ్ళీ అక్కడే పెడతాం.

చట్టం లేదా అంటారా? భేషుగ్గా ఉంది. 2022 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిబంధనలను సవరించింది. టైరు చేసినవాడిదే, దిగుమతి చేసుకున్నవాడిదే దాని అంతిమ సంస్కారం బాధ్యత. 2020-21లో చేసిన టైర్లలో 35 శాతానికి 2022-23లో లెక్క చెప్పాలి. మరుసటి ఏడు 70 శాతం. 2024-25 నుంచి నూటికి నూరు. ఇది చదివి నేను గేటు తీసి కూర్చున్నాను, కంపెనీ లారీ వస్తుందని. ఆ తర్వాత కింది పేరాలు చదివాను. కంపెనీ కాగజ్‌నగర్ రానక్కర్లేదు. దేశంలో ఎక్కడో ఒక రీసైక్లింగ్ యూనిట్ ఎవరివో టైర్లు పొడి చేసి ఆ బరువుకు సర్టిఫికెట్ పుట్టిస్తుంది. కంపెనీ పోర్టల్‌లో ఆ సర్టిఫికెట్ కొనుక్కుంటుంది. లెక్క సరి. ఎవరి పిండమో ఎవరి పేరునో పెట్టినట్టు, నా టైరు కాగితం మీద కరిగిపోయింది. స్లాబు మీద మాత్రం ఉంది.

కాగితాన్ని ఎంత నమ్మాలో ప్లాస్టిక్ ముందే నేర్పింది. అచ్చం ఇలాంటి పద్ధతిలోనే నడిచే ప్లాస్టిక్ సర్టిఫికెట్లలో దాదాపు 6 లక్షలు నకిలీవని 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే తేల్చింది. టైర్లను ఉడికించి నూనె తీసే బట్టీల సంగతి చూస్తే, 2019లో ఆ మండలి లెక్కలోనే 19 రాష్ట్రాల్లో 637 యూనిట్లుంటే 270 నిబంధనలు పాటించడం లేదు. ఆ బట్టీల కోసం విదేశీ పాత టైర్లు తేకూడదని 2022 నిబంధనలు నిషేధించాయి. 2025 మార్చిలో బీబీసీ వెంటపడి చూస్తే, రీసైక్లింగ్ అని చెప్పి బ్రిటన్ నుంచి మన దేశానికి పంపుతున్న టైర్లు అలాంటి బట్టీల్లోనే తేలుతున్నాయి. ఇంగ్లండు దొర తన టైరును సప్త సముద్రాలు దాటించి మన నెత్తిన పెట్టగలుగుతున్నాడు. నేను నాది మా వీధి మలుపు దాటించలేకపోతున్నాను. దేశానికి టైర్లు కావాలి; నావి మాత్రం వద్దు!

పోనీ, దారి లేదా? ఉంది. మా వైపే దేవాపూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, బసంత్‌నగర్‌లో ఉంది. మామూలు బొగ్గు కన్నా టైరులో వేడి ఎక్కువ. 1,400 డిగ్రీలు దాటే సిమెంటు బట్టీలో, తగిన ఏర్పాట్లతో, టైరు ముక్కలు ఇంధనమవుతాయి. తీగ కూడా సిమెంటులో కలిసిపోతుంది. రబ్బరు పొడిని తారులో కలిపి రోడ్లు వేయవచ్చు. విద్య ఉంది, బట్టీ ఉంది, చట్టం ఉంది. లేనిదల్లా నా వాకిలికీ ఆ బట్టీకీ మధ్య ఒక బండి, ఒక రసీదు.

ఒక్క ప్రశ్న అడుగుతాను. ఖాళీ గ్యాస్ సిలిండరును మోరీలో ఎప్పుడైనా చూశారా? పార్కులో పసుపు రంగేసి మొక్క నాటగా చూశారా? చూడరు. దాని మీద మన డిపాజిట్ ఉంది కాబట్టి. సోడా బండివాడు గోలీ సీసా తిరిగి ఇచ్చేదాకా మనల్ని కదలనిచ్చేవాడా? పాత బ్యాటరీ ఇస్తే కొత్తదాని ధర తగ్గుతుంది కాబట్టి దాన్ని ఎవరూ వాగులో పారేయరు. చిత్తు కాగితం కిలో లెక్కన పోతుంది కాబట్టి కాగజ్‌నగర్‌లో ఒక్క పేపరూ రోడ్డు మీద నిలవదు. కొత్త టైరు అమ్మేటప్పుడే అయిదొందలు డిపాజిట్ పట్టుకుని, పాతది తెచ్చిస్తే తిరిగి ఇవ్వాలని ఒక్క వాక్యం చట్టంలో చేర్చండి. అమ్మిన షాపే సేకరణ కేంద్రం. ధర్నాకు కూడా టైరు దొరకదు. అయిదొందలు ఎవరు కాలుస్తారు? అంతవరకూ, అన్నలారా, అక్కలారా, నా బుద్ధితక్కువ నుంచి నేర్చుకోండి. నూరు రూపాయలకే అయినా పాత టైరు షాపులోనే వదిలిరండి. రోషం ఇంటికి తేకండి.

ఇదంతా రాసి ముగించేలోపు నిన్న సాయంత్రం గల్లీ కుర్రాళ్ళు ముగ్గురు వచ్చారు.

"కాకా, మీ స్లాబు మీద పాత టైర్లున్నయట గద. ఇస్తరా?"

నా ప్రాణం లేచివచ్చింది. "ఎందుకు బిడ్డా?"

"రేపు రోడ్డు మీద ధర్నా ఉన్నది. గల్లీల దోమలు మస్తయినయ్. ఇంటికొకలకు జరం. ఎవలూ పట్టించుకుంటలేరు."

నలుగురం స్లాబు ఎక్కాం. ఒకడు మొదటి టైరు అంచు పట్టి లేపాడు. లోపలి నీళ్ళు భళ్ళున స్లాబు మీద పడ్డాయి. రేపటి ధర్నాకు కారణం ఆ నీళ్ళలో సన్నసన్నగా మెలికలు తిరుగుతోంది.