పెట్టె పద్యానికి తిరువూరు టీక

అవతారిక

పద్యమూ నాదే, టీకా నాదే. మరొకరు వ్యాఖ్యానం రాసేదాకా ఆగే ఓపిక ఈ కాలపు కవులకు లేదు. రంగం తిరువూరు. నిన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. సరిహద్దు దాటితే ఖమ్మం. 30వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. చుట్టూ మామిడి తోటలు. మే నెలలో ఎండ నలభై దాటడం ఇక్కడ వార్త కాదు. ఇలాంటి ఊళ్లో, ఒకటే పడకగది ఉన్న ఇంట్లో, రాత్రి షిఫ్టు చేసే మనవడు డెస్క్‌టాప్ కొనాలనుకున్నాడనుకోండి. పక్క మంచం మీద పడుకునే నాయనమ్మ షరతు ఒకటే: "ఆ డబ్బా గురక పెట్టకూడదురా." తండ్రి షరతు కరెంటు బిల్లు. వేరువేరుగా కనిపించే ఈ రెండు కోరికలకూ సమాధానం ఒకటేనని చెప్పబోతూ కవి ఇట్లంటున్నాడు:

వేడి తక్కువైన వీవన నెమ్మదౌ
నెమ్మదైన చోట నిద్ర పట్టు
వాట్లు తగ్గెనేని పర్సున కాయువౌ
పెట్టె కొనెడువార లిట్టె కనుఁడు

ఛందస్సు ఆటవెలది. నాలుగో పాదంలో యతి కుదరక ప్రాసయతి వేశాను. శాస్త్రం ఒప్పుకున్నదే, కాబట్టి పండితులు నొసలు చిట్లించనక్కర్లేదు.

ప్రతిపదార్థం

వేడి = ప్రాసెసరులోను, గ్రాఫిక్స్ కార్డులోను, వీటికి కరెంటు నందించు ఎస్ఎంపీఎస్‌లోను పుట్టెడి ఉష్ణము; తక్కువైన = తక్కువగా పుట్టినచో; వీవన = పంకా; నెమ్మదౌ = మెల్లగా తిరుగును; నెమ్మదైన చోట = అట్టి నెమ్మది గల గదియందు; నిద్ర పట్టు = పక్క మంచము వారికి కునుకు పట్టును; వాట్లు = పెట్టె లాగెడి విద్యుత్తు; తగ్గెనేని = తగ్గినయెడల; పర్సునకు = ఇంటి యజమాని జేబునకు; ఆయువౌ = ఆయుష్షు కలుగును; పెట్టె = లోపల ఏమున్నను మన ఊళ్లన్నింటా 'సీపీయూ' అని పిలువబడు డబ్బా; కొనెడువారలు = దానిని కొనువారు; ఇట్టె = ఈ విధముగానే; కనుఁడు = చూచుకొనుడు.

తాత్పర్యం

పెట్టె లాగే ప్రతి వాటూ చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి తోయడానికే పంకా, పంకా వల్లనే చప్పుడు. కనుక పొదుపు చేసినవాడికి నిశ్శబ్దం కొసరుగా వస్తుంది.

విశేషాలు

మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. మెదక్ సీమవాడు, మాట మీద నిలబడ్డాడు. ఈ టీకాకారుడికి అంత నిష్ఠ లేదు.

'వేడి తక్కువైన' అన్నాడు గాని 'వేడి తగ్గించిన' అనలేదు. కవి హృదయమంతా ఇక్కడే ఉంది. పుట్టిన వేడిని చల్లార్చడం రెండో మాట, అసలు పుట్టనివ్వకపోవడం మొదటి మాట. ఆఫీసు పని, పాఠాలు, సినిమాలు వీటికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. రైజెన్ 5 5600జి లాంటి చిప్పులో బొమ్మల పని చేసే భాగం లోపలే ఉంటుంది, దాని టీడీపీ, అంటే చిప్పు పుట్టించే వేడి అంచనా, 65 వాట్లు. ఇంటెల్ చిప్పు పేరు చివర 'ఎఫ్' ఉంటే ఆ భాగం లేదని అర్థం. వెయ్యి రూపాయలు కలిసొస్తాయని దాన్ని కొన్నవాడు కార్డొకటి, దానితో మరో పంకా ఇంటికి తెచ్చుకుంటాడు. 'టి' ఉంటే 35 వాట్ల రకం. అలాగని 65 అనే అంకెను గుడ్డిగా నమ్మకూడదు: ఐ5 12400 అవసరం పడితే 117 వాట్ల దాకా ఎగబాకుతుంది. ఆ పరుగుకు బయోస్‌లో కళ్లెం వేయొచ్చు, వేగంలో పోయేది కొంచెమే. ఉత్తరాలు, లెక్కలు తప్ప వేరే పని లేనివారికి 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చాలు. దాని టీడీపీ 6 వాట్లు, పంకా లేకుండానే నడిపే చిన్న డబ్బాలు కూడా ఉన్నాయి.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: "అయ్యా, వాటర్ కూలర్ పెడితే పోలేదా?" పోదు. నీళ్లు వేడిని చిప్పు దగ్గర్నుంచి రేడియేటరు దాకా మోసుకుపోతాయి, అంతే. అక్కడ మళ్లీ పంకాయే దిక్కు, పైగా పంపు రొద అదనం. గాలైనా నీళ్లైనా గదికన్నా చల్లబరచలేవు. గది నలభై డిగ్రీల దగ్గర ఉంటే చిప్పుకీ గదికీ మధ్య తేడా కుంచించుకుపోతుంది, అదే వేడిని తోయడానికి పంకా జోరు పెంచాలి. జనవరిలో ఊసే లేని డబ్బా మే నెలలో పాటకచేరీ పెట్టడానికి కారణమిదే. తిరువూరు వాడు పెట్టెను వేసవికే కొలుచుకుని కొనాలి.

'వీవన నెమ్మదౌ' అనడంలో ఒక గణితం ఉంది. పంకా వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది, అది తినే కరెంటు మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ దిగుతుంది. 10 దిగితేనే చెవికి సగమైనట్టు ఉంటుంది. అందుకే చిన్న పంకా గిరగిరా తిరగడం కన్నా 120, 140 మిల్లీమీటర్ల పెద్ద పంకా నింపాదిగా తిరగడం మేలు. మెష్ ముఖం ఉన్న క్యాబినెట్ తీసుకోండి, అద్దాల మేడ వద్దు. రంగురంగుల దీపాల పంకా గురించి కవి మౌనం వహించాడు, నేనూ వహిస్తాను. ముందు వైపు జాలీ ఫిల్టరు తప్పనిసరి. హైవే లారీల దుమ్ము హీట్‌సింకు రెక్కల్లో పేరుకుంటే ఎంత మంచి పంకా అయినా ఆయాసపడుతుంది.

హార్డ్ డిస్కు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, ఎస్సెస్‌డీలో తిరిగేదే లేదు. దీనికి వ్యాఖ్యానం అనవసరం.

'వాట్లు తగ్గెనేని' దగ్గర ఎస్ఎంపీఎస్ ప్రస్తావన రాక తప్పదు. 2004లో 80 ప్లస్ అనే ముద్ర వచ్చింది: లాగిన కరెంటులో కనీసం 80 శాతం పెట్టెకు చేరాలి. తర్వాత బ్రాంజ్, గోల్డ్ తరగతులు పెట్టారు. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు మీద బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90. అయితే మన పెట్టె మామూలు పనిలో లాగేది నలభై వాట్లే అనుకుంటే ఈ రెంటికీ తేడా మూడు వాట్లు కూడా రాదు. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 8 యూనిట్ల లోపే. బిల్లు కోసం గోల్డ్ కొనేవాడు లెక్క రానివాడు. దాని పంకా తక్కువ లోడులో ఆగిపోయే రకమైతే చెవి కోసం కొనవచ్చు. ఇలాంటి పెట్టెకు 750 వాట్ల ఎస్ఎంపీఎస్ పెట్టడం మరో పొరపాటు. గోల్డ్ పరీక్ష మొదలయ్యేదే 20 శాతం లోడు దగ్గర, మన పెట్టె మామూలు పనిలో అక్కడికి చేరదు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదాన్ని మాత్రం దుకాణంలోనే వదిలేసి రండి. ఇంకో లాభం: వాట్లు తగ్గితే కరెంటు పోయినప్పుడు అదే యూపీఎస్ ఎక్కువసేపు నిలబెడుతుంది.

'పర్సున కాయువౌ' అన్నది అతిశయోక్తి కాదు, స్వభావోక్తి. 2022 టారిఫ్‌లో గృహాలకు 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75. మనం ఆదా చేసిన యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబులోంచే తెగుతాయి. పాత పెట్టె కన్నా 60 వాట్లు తక్కువ లాగేది పెడితే రోజుకు 8 గంటల వాడకంలో నెలకు 14 యూనిట్లు, పై శ్లాబులో 120 రూపాయల పైచిలుకు.

ఫలశ్రుతి

'వీవన' అంటే పెట్టెలోదే అని ఇంతసేపూ అర్థం చెప్పాను. గదిలో అంతకన్నా పెద్ద వీవన నెత్తి మీద తిరుగుతోంది. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ రకం 30 వాట్ల చిల్లర. వేసవిలో రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 21 యూనిట్ల తేడా. పెట్టె మార్చితే వచ్చే ఆదా కన్నా ఇదే ఎక్కువ, టకటకమనే పాత ఫ్యాను చప్పుడూ పోతుంది. పాఠకులారా, నెత్తిమీది పంకా ముందు మార్చండి, పెట్టె తర్వాత కొనండి.