గడ్డి పాసు, శ్లాబు ఫెయిలు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద పడి కొబ్బరి, జీడితోటలతో పాటు పూరిళ్ల కప్పులూ పీక్కుపోయింది. ఆ డిసెంబరులోనే ఢిల్లీలో ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి 'ఎకో నివాస్ సంహిత' వెలువడింది. ఇంటి కప్పు యూ-విలువ 1.2 దాటకూడదంది.

యూ-విలువంటే బెంబేలెత్తకండి. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరు కప్పులోంచి ఎన్ని వాట్ల వేడి కారుతుందన్న లెక్క. వేడికి అడ్డుపడే బలం ఆర్-విలువ: మందాన్ని మీటర్లలో తీసుకుని ఉష్ణవాహకతతో భాగించాలి. నాలుగంగుళాల కాంక్రీటు శ్లాబుకి ఇది 0.06. సిమెంటు రేకుకి 0.02, అంటే ఉన్నా లేనట్టే. ఆరంగుళాల గడ్డి కప్పుకో? పొడిగా ఉంటే ఒకటిన్నర పైనే! శ్లాబు కన్నా పాతిక రెట్లు. కప్పు చుట్టూ గాలి సంగతి కలిపి యూ-విలువ కడితే గడ్డికి ఒకటి లోపే, వట్టి శ్లాబుకి మూడున్నర దాటుతుంది. పరీక్షలో గడ్డి పాసు, శ్లాబు ఫెయిలు.

అలాగని పూరింటికి తిరిగి పొమ్మనలేం. తిత్లీని చూసినవాడికి ఆ మాట చెబితే తంతాడు. మా వీధి ముసలమ్మ శ్లాబు కిందనుంచి లేచొచ్చి, "ఏటి బావూ, ఇల్లనుకుంటే కుంపటైపోనాది" అంది.

ఈ కుంపటికి మందమ్ముతారు టెక్కలి, పలాస బజార్లలో. మెరిసే రేకు చూపించి "పది డిగ్రీలు చల్లన" అంటారు. ఏ మందానికి, ఏ ఎండలో, ఎక్కడ కొలిచి? ఆ రేకు పని చేయాలంటే దాని పక్కన గాలి సందు ఉండాలి. శ్లాబుకి అతికించేస్తే అది వట్టి తళుకు. ఆర్-విలువెంతని అడిగి చూడండి, గోడౌన్‌లో ఉంది, రేపు తెస్తామంటారు.

పోనీ, సంహిత కాపాడుతుందా? 2018లో అది వచ్చింది 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకి. అంటే పన్నెండు సెంట్ల పైమాట. 2020లో ప్రభుత్వం పేదలకిచ్చింది పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. పన్నెండు సెంట్ల లోపు వాళ్లకి వేడి తగలదని ఢిల్లీ పెద్దలు తేల్చేశారన్నమాట.

ఆ సంగతి సూర్యుడికి ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పడం కష్టమేం కాదు, ఆయన మన జిల్లావాడే. పలాస నుంచి టెక్కలి మీదుగా శ్రీకాకుళం బస్సెక్కితే అరసవల్లి సూర్యుడి గుడి ఎంత దూరం! పట్టా జిరాక్సు మాత్రం మరిచిపోవద్దు, స్థలం ఎన్ని సెంట్లో చూసుకుని దిగాలి కదా స్వామి.