సుబ్బారావు గారూ, మరికొన్ని ఆధారాలు పంపండి

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇవాళ అమెరికా గ్రీన్‌కార్డుకు అర్జీ పెట్టుకుంటే ఏమవుతుంది? ఆర్‌ఎఫ్‌ఈ వస్తుంది. మరిన్ని ఆధారాలు చూపమనే తాఖీదన్నమాట. అది ఇలా ఉంటుంది:

"అయ్యా, మీది ఎంబీబీఎస్ కాదు, ఎల్‌ఎంఎస్. ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు గారికి కోపమొచ్చిందన్న సంజాయిషీకి రుజువు జతపరచలేదు. బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేశారు. ఇందులో అసాధారణ ప్రతిభ ఏమిటో వివరించండి. భాస్వరాన్ని కొలిచే పద్ధతి మీదేనంటున్నారు, కానీ 1925 నాటి పేపరులో ఫిస్క్ గారి పేరు ముందుంది. మీ వాటా ఎంతో ఆయన చేతే రాయించుకు రండి. ఏటీపీ విషయంలోనూ అంతే. బోదకాలుకు హెట్రజాన్ మందు కనిపెట్టడంలో మీ పాత్ర చదివాం. అది గోదావరి జిల్లాల బెడద కదా, అమెరికాకు ఒరిగేదేమిటి? పైగా పత్రికల్లో మీ ఫొటో ఒక్కటీ జతపరచలేదు."

తాఖీదు నేను అల్లిందే, నిబంధనలు మాత్రం అమెరికా వాళ్లవే. ఈబీ-1ఏ అనే దారిలో నోబెల్ స్థాయి బహుమతి ఒకటుండాలి. లేదంటే పది ప్రమాణాల్లో కనీసం మూడు నెగ్గాలి. ఇతరుల పనిని బేరీజు వెయ్యడం అందులో ఒకటి గనక, సెల్ కల్చర్ చూసుకోవాల్సిన పోస్ట్‌డాక్‌లు రాత్రిళ్లు కూర్చుని జర్నళ్ల ఎడిటర్లకు "నాకో పేపరు రివ్యూకి ఇప్పించండి" అని ఉత్తరాలు రాస్తున్నారు. ఇక సిఫార్సు లేఖల తతంగం చూడాలి. తన గొప్పను తానే ప్రథమ పురుషలో రాసుకుని, ఎన్నడూ మొహం చూడని ప్రొఫెసర్ల చేత సంతకం పెట్టించుకోవాలి. తన పెళ్లికి తానే మధ్యవర్తిగా తిరగడం లాంటిదిది. సిగ్గుపడేవాడికి గ్రీన్‌కార్డు రాదు. సుబ్బారావు గారు మొదటి పేజీ దగ్గరే ఆగిపోయేవారు.

డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లకి ఇప్పుడు సిగ్గు విడవాల్సిన పని కూడా లేదు. అవార్డు ఇంత, జడ్జి కుర్చీ ఇంత, పేపరులో పేరు ఇంత అని రేటు చెప్పే ప్రొఫైల్ వ్యాపారులు తయారయ్యారు. వాళ్ల పుణ్యాన నిజంగా ఎలకలతో కుస్తీ పట్టినవాడి అర్జీని కూడా అధికారి భూతద్దం పెట్టి చూస్తాడు.

రెండో దారి ఎన్‌ఐడబ్ల్యూ, జాతీయ ప్రయోజన మినహాయింపు. 2016 నాటి ధనసర్ తీర్పు ప్రకారం మీ పనికి జాతీయ ప్రాముఖ్యం ఉందని, దాన్ని ముందుకు తీసుకెళ్లగలవాళ్లు మీరేనని ఒప్పించాలి. ఒప్పించారనుకోండి. మీరు దేశానికి ఎంత అవసరమంటే, ఉద్యోగం ఇచ్చేవాడు లేకపోయినా ఫర్వాలేదంటారు. అభినందించి, వెళ్లి క్యూలో నిలబడమంటారు. 2025 ఆఖరుకు, ఎన్‌ఐడబ్ల్యూ వాళ్లు నిలబడే ఈబీ-2 క్యూలో భారతీయుల వరస 2013 నాటి అర్జీల దగ్గరే ఉంది. జాతీయ ప్రయోజనం పుష్కరం పాటు ఆగగలదు!

ఈ ఆలస్యానికి కారణం కోటా: ఇలాంటి గ్రీన్‌కార్డుల్లో ఏ దేశంలో పుట్టినవారికైనా ఏటా 7 శాతమే. 140 కోట్ల భారతదేశానికీ అంతే, నాలుగు లక్షలు దాటని ఐస్‌లాండుకూ అంతే. లెక్క పుట్టిన ఊరిని బట్టే గానీ పాస్‌పోర్టును బట్టి కాదు. భార్య ఖాట్మండులో పుట్టి ఉంటే మాత్రం భర్త కూడా ఆమె దేశం లెక్కలోకి మారవచ్చు. కాబట్టి నాయనా, నేచర్‌లో పేపరు కంటే నేపాల్ సంబంధం మేలు. ఈ సలహా ఉచితం, లాయరు దగ్గరైతే గంట లెక్కన కట్టాలి.

2025 సెప్టెంబరు 19న ట్రంప్ రెండు సంతకాలు పెట్టారు. మొదటిది: బయటి దేశం నుంచి కొత్తగా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద మనిషిని తెచ్చుకుంటే లక్ష డాలర్లు కట్టాలి, తెచ్చుకునేది యూనివర్సిటీ ల్యాబయినా సరే. పోస్ట్‌డాక్ ఏడాది జీతం అందులో మూడింట రెండొంతులకు అటూఇటూ. రెండోది గోల్డ్‌కార్డు: ఖజానాకు పది లక్షల డాలర్లు కానుకగా ఇస్తే, ఆ కానుకనే అసాధారణ ప్రతిభకూ జాతీయ ప్రయోజనానికీ సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోమని ఉత్తర్వు. ప్రతిభ అంటే ఏమిటో ఇన్నేళ్లకు నిర్వచనం కుదిరింది. దరఖాస్తు రుసుము 15 వేల డాలర్లు విడిగా కట్టాలి. తిరిగి ఇవ్వరు.